పుస్తె కట్టేకాడ ఆగిపోయే వీడియో

మా చెల్లె పెండ్లి కామారెడ్డిలో ఒక ఫంక్షన్ హాల్లో అయింది. ఆ పెండ్లిని మా అవ్వ చూడలేదు. కన్నతల్లే, హాల్లోనే ఉంది. కానీ మండపం వెనక బియ్యం బస్తాలు పెట్టిన అర్రలో కూర్చుంది. కన్నతండ్రి, మా బాపు, బతికి లేడు కాబట్టి ముహూర్తం వేళ ఆమె పీటల ముందుకు రాకూడదు. మా ఇండ్లలో ఇప్పటికీ అంతే. కన్యాదానం మా చిన్నాయిన, చిన్నమ్మ చేశారు. నేను అర్ర దాకా పోయి పిలిచాను.

"రా అవ్వా, మూలకు నిలవడి సూడు. ఎవలేమంటరు?"

"ఎవలో అంటరని కాదురా. పిల్ల మంచిగుండాలె. నువ్వు పో, పనులు సూసుకో" అని తలుపు దగ్గరికి వేసుకుంది.

డోళ్లు ఒక్కసారి జోరందుకుంటే పుస్తె కడుతున్నారని ఆమెకు తెలిసింది. ఆమెకు దక్కింది ఆ చప్పుడే.

అందుకే వీడియో వచ్చే దాకా అవ్వకు నిలకడ లేదు. చెల్లె తన అత్తగారి ఊరు రామారెడ్డి నుంచి ఫోన్ చేసినప్పుడల్లా "సూసినవా అవ్వా?" అని అడిగేది. "ఇంక రాలేదు బిడ్డా" అని ఈమె. చివరికి స్టూడియో అతను పెన్ డ్రైవ్ ఇచ్చాడు. "అన్నా, పెద్ద క్వాలిటీల చేసిన. సినిమా లెక్క ఉంటది" అన్నాడు. అక్కడే చిక్కు మొదలైంది.

మా టీవీ పాత డబ్బా టీవీ, పెన్ డ్రైవ్ పెట్టే సందే లేదు. ఫోన్లో చూపిస్తే అవ్వ కండ్లకు రంగులు తప్ప మొహాలు ఆనవు. చిన్నాయిన ఇంట్లో గోడంత టీవీ ఉంది, అక్కడికి రానంటుంది. "అందరి నడుమ కూసొని సూడ. మనింట్లనే పెట్టు." ఇక మిగిలింది ఎల్లారెడ్డిలో మా ఇంటి ముందరి గదిలో ఉన్న నా పాత కంప్యూటర్.

నేను ఇంటర్‌తో కాలేజీ ఆపాను కానీ చదువు ఆపలేదు. ఎల్లారెడ్డి గ్రంథాలయంలో నాకు కావలసినవన్నీ అయిపోయాక బస్సెక్కి కామారెడ్డి గ్రంథాలయానికి పోయి చదివాను. చరిత్ర, చట్టాలు, వ్యవసాయం, కంప్యూటర్లు, ఏది దొరికితే అది. కంప్యూటర్ విప్పి బిగించడం పుస్తకం చూసే నేర్చుకున్నాను. ఆ మాట గర్వంగానే చెప్పుకుంటాను. కాబట్టి అవ్వతో "ఒక్క పూట ఆగు, నేను నడిపిస్త" అన్నాను.

పెద్ద వీడియో ఫైలంటే మడతలు పెట్టి గట్టిగా మూటగట్టిన బట్టల్లాంటిది. ప్లేయర్ అనే సాఫ్ట్‌వేర్ ఆ మూటను క్షణక్షణం విప్పి, మడతలు తీసి, తెరమీద ఆరేయాలి. కొత్త కంప్యూటర్లలో ఆ పనికి ప్రత్యేకంగా ఒక చిప్పు ఉంటుంది. నా పాతదానిలో ఉన్న చిప్పుకు ఈ కొత్త రకం మడత తెలియదు. బరువంతా ప్రాసెసర్ మీదే పడుతుంది. ఇంత పాత ప్రాసెసర్‌ను తక్కువ కష్టపెట్టే ప్లేయర్ ఏదో వెతకడమే నా పని అనుకున్నాను.

కంప్యూటర్‌తో పాటు వచ్చిన ప్లేయర్ సన్నాయి వినిపించింది, బొమ్మ చూపలేదు. దాన్ని పక్కన పెట్టాను. తర్వాత ఉచితంగా దొరికే రెండింటిని దించుకున్నాను. ఒకటి ఏ ఫైలిచ్చినా కాదనదు, కానీ బరువెక్కువైతే మొహాల మీద ఆకుపచ్చ గళ్లు పరుస్తుంది. రెండోది బూడిద రంగులో బోసిగా ఉంటుంది, సోకులేమీ లేవు. పుస్తె కట్టే ముక్కనే రెండింటిలో వేసి చూశాను. మొదట ఏదీ కాదనని ప్లేయర్, తర్వాత బూడిద రంగుది. ప్రతిసారీ మొదటిదే గెలిచింది. బొమ్మ నీళ్లలా సాగింది. సరే, తేలిపోయింది అనుకుని అవ్వను పిలిచాను.

"సీదా పుస్తె కట్టేకాడికి పోదామా?"

"పెండ్లికి నడుమల నుంచి వచ్చేటోళ్లు ఎవలురా? మొదటి నుంచి పెట్టు."

పెట్టాను. పసుపు దంచడం, మంగళస్నానం, చెల్లె సిగ్గుపడటం, చిన్నమ్మ మాటిమాటికీ కొంగు సవరించుకోవడం. అవ్వ నవ్వుతూ చూసింది. ఎదుర్కోళ్లు అయ్యేసరికి బొమ్మ కుంటడం మొదలైంది. జీలకర్ర బెల్లం దగ్గర చెల్లె వంచిన తల వంచినట్టే ఉండిపోయింది. డోళ్లు మాత్రం ముందుకు పోతున్నాయి. పుస్తె కట్టే చప్పుడు వచ్చింది, పోయింది. తెరమీద చెల్లె ఇంకా తల ఎత్తలేదు.

అవ్వ "బియ్యం ఏరాలె" అని లేచి వంటింట్లోకి పోయింది.

మరునాడు మళ్లీ పరీక్షలు. నేనొక్కణ్నే ఉన్నప్పుడు నడుస్తుంది. అవ్వను కూర్చోబెడితే ఆగుతుంది. అవి వరికోతల రోజులు. ఇంటి ముందు రోడ్డు పొడవునా వడ్లు ఆరబోశారు. దుమ్ముకు కిటికీలు మూసి, తలుపులు మూసి, ఆ ఉక్కలో అవ్వా నేనూ, మధ్యన ఆగిపోయిన చెల్లె. ఆ గదిలోంచి లేచి పోదామంటే మాటిచ్చి ఉన్నాను. ఉందామంటే చేసేందుకు ఏమీ మిగల్లేదు.

చిన్నాయిన వచ్చి చూసి పకపకా నవ్వాడు. "ఏందిరా, లైబ్రరీల కూసొని కూసొని నేర్సింది గిదేనా? వదినె, నిన్ను సూస్తెనే భయపడుతున్నదే నీ కొడుకు కంప్యూటరు!"

ఆయన వేళాకోళానికే అన్నాడు. అవ్వ నవ్వలేదు. ఆయన పోయాక మెల్లగా అంది. "గది నిజమేరా. నేను కూసుంటెనే ఆగుతుంది. నా గాలి తాకొద్దేమో. విడువు బిడ్డా, ఇగ పెట్టకు."

ఇంత వరకూ నేను వెతికింది మంచి ప్లేయర్ కోసం. ఇప్పుడు కారణం కావాలి. కారణం దొరక్కపోతే మా అవ్వ ఆ మాటను నిజమని మోస్తూ బతుకుతుంది. వద్దన్నా ఆమె చూడకుండా పరీక్షలు చేస్తూనే ఉన్నాను.

ఒక పొద్దున తొందరలో వరుస మారింది. బూడిద రంగు ప్లేయర్‌ను ముందు తెరిచాను. అది నీళ్లలా నడిచింది. తర్వాత తెరిచిన మొదటి వీరుడు ఆకుపచ్చ గళ్లు పరిచాడు. అప్పుడు, కామారెడ్డి గ్రంథాలయంలో చదివిన వ్యవసాయ పుస్తకంలోని సంగతి గుర్తొచ్చింది. రెండు రకాల విత్తనాలను పోల్చాలంటే ఒకదాన్ని ఎప్పుడూ కాలువ పక్కనే వేయకూడదు. అట్లా వేస్తే గెలిచేది విత్తనం కాదు, తడి. నేను ఇన్నాళ్లూ పోల్చింది ప్లేయర్లను కాదు. ముందు ఎక్కినదానికి చల్లటి కంప్యూటర్ దొరికింది, తర్వాత ఎక్కినదానికి వేడెక్కింది దొరికింది. నేనొక్కణ్నే ఉంటే పుస్తె ముక్కనే వేసేవాణ్ని. అవ్వ వచ్చి కూర్చుని మొదటి నుంచి పెట్టమంటే, పుస్తె దాకా వచ్చేసరికి ఏ ప్లేయరైనా వేడిలోనే ఉంటుంది.

లేచి బల్ల కింది అల్మారా తలుపు తీశాను. కంప్యూటర్ డబ్బా అందులో ఉంటుంది. వడ్ల దుమ్ము పడొద్దని చెల్లె పాత చీరతో దానికి ముసుగు కుట్టింది. ఆ ముసుగు వేసి, అల్మారా తలుపు మూసి, గొళ్లెం పెట్టేది అవ్వే. చెయ్యి పెడితే చురుక్కుమంది. వేడి మితిమీరితే ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. ఇది కూడా నేను చదివిందే. చదివినవన్నీ నాలో ఉన్నాయి, పక్కపక్కన పెట్టుకోలేదంతే.

అవ్వను పిలిచి ఆమె చేతిని డబ్బా మీద పెట్టించాను.

"అమ్మో, పెనం లెక్క ఉన్నది!"

"గిదే అవ్వా ఆపింది. నీ గాలి కాదు. దీనికే గాలి అందలే."

"దుమ్ము పోతదని నేనే మూస్తుంటి గద రా."

డబ్బాను బయటికి తీసి, ముసుగు విప్పి, దుమ్ము దులిపి, స్టూలు మీద పెట్టి టేబుల్ ఫ్యాను తిప్పాను. చల్లారనిచ్చి, వరుస మార్చి మార్చి రెండు ప్లేయర్లనూ మళ్లీ పోల్చాను. నిజానికి పెద్ద తేడా లేదు. బూడిద రంగుది ప్రాసెసర్‌ను కొంచెం తక్కువ కష్టపెడుతుంది. దాన్నే ఉంచాను.

మధ్యాహ్నం అన్నం తిన్నాక మొదటి నుంచి పెట్టాను. పసుపు, స్నానం, ఎదుర్కోళ్లు, ఎక్కడా కుంటలేదు. జీలకర్ర బెల్లం వచ్చింది. చెల్లె తల ఎత్తింది. నేను అవ్వ మొహం చూద్దామని తిరిగాను. కుర్చీ ఖాళీగా ఉంది.

ఆమె లోపలి గది గడప దాటి, తలుపు వెనక నిలబడి ఉంది. కొంగు భుజం చుట్టూ కప్పుకుంది. మొహంలో సగమే కనిపిస్తోంది.

"అవ్వా, గిది వీడియో. పెండ్లి ఎప్పుడో అయిపోయింది."

"నాకెర్కే."

"వేడికి ఆగిందని సూపెట్టిన గద. నమ్మలేదా?"

"నమ్మిన బిడ్డా. డబ్బా సంగతి నమ్మిన. ఈడికెల్లి మంచిగనే కనవడ్తుంది. నువ్వు ఆపకు."

ఆపలేదు. మానిటర్‌ను తీగ అందినంత వరకు ఆ తలుపు వైపు తిప్పాను. ఇప్పుడు నాకు బొమ్మ సరిగా కనిపించడం లేదు. డోళ్లు జోరందుకున్నాయి. తలుపు వెనక నుంచి చిన్నగా ఒక ఏడుపు, దాని వెంటే, "మీ చిన్నమ్మ జూడు, పుస్తె కట్టంగ గూడ కొంగే సర్దుకుంటున్నది!"

తలంబ్రాలు, అప్పగింతలు అన్నీ ఆమె అక్కడి నుంచే చూసింది. భోజనాల బంతి మొదలైనాక ముందరి గదిలోకి వచ్చి, కుర్చీ ముందుకు జరుపుకుని కూర్చుంది.