కుంచె తగలని కళ్ళు

దయ్యాల కబుర్లు ఎవరైనా మొదలుపెడితే లేచి పని చూసుకునే మనిషిని నేను. పొద్దున్నే దీపం పెట్టి రామయ్యకు దండం పెట్టుకున్నాక నాకు ఇంకే భయమూ ఉండదు. ఇప్పటికీ అలాంటివి నమ్మను. కానీ ఈ ఒక్క ఫొటో సంగతి మాత్రం అంతుచిక్కలేదు.

భద్రాచలం వెళ్ళే దారిలో, అడవి మొదలయ్యే చోట మా ఆయనకు చిన్న ఫొటో స్టూడియో ఉండేది. డెబ్బైల్లో ఆ పక్క పల్లెల్లో చాలామంది బతికుండగా ఒక్క ఫొటో కూడా దిగేవారు కాదు. మనిషి పోయాకే కబురు వచ్చేది. ఆయన సైకిల్ మీద వెళ్ళి, పోయిన మనిషిని కుర్చీలో కూర్చోబెట్టించి ఫొటో తీసేవాడు. గోడకు పెట్టుకునే ఫొటోలో కళ్ళు మూసి ఉంటే ఎవరికీ మనసొప్పదు. అందుకని ప్రింటు వేశాక, ఆ మూసిన రెప్పల మీద సన్న కుంచెతో కళ్ళు దిద్దాలి. ఆ పని నాది.

నేను బడికి పోలేదు. చదువు మా నాన్న ఇంట్లోనే చెప్పాడు, కుంచె పట్టడం మా ఆయన నేర్పాడు. వాళ్ళిద్దరినీ తలుచుకోని రోజు లేదు. అయితే నేను ఒక తప్పు చేశాను. పోయినవాళ్ళ కళ్ళు ఎలా ఉండేవో ఎన్నడూ అడగలేదు. ఎదురుగా అద్దం పెట్టుకుని, అందులో కనబడే నా కళ్ళనే చూసి దిద్దేదాన్ని.

తొంభైల్లో, మా ఆయన పోయిన ఏడాది, గోదావరి ఒడ్డు పల్లె నుంచి కోటమ్మ అనే ముసలావిడ వచ్చింది. ఆమె కూతురు లచ్చమ్మ కాన్పయిన మూడో నాడు చనిపోతే, ఫొటో తీసింది మా ఆయనే. ఆ మూడు రోజుల బిడ్డకే ఇప్పుడు పెళ్ళి. పీటల మీద కూర్చునే ముందు తల్లి ఫొటోకు మొక్కాలి.

“ఉన్న ఒక్క ఫొటో వరదల పోయిందమ్మా. పిల్లకు బుద్ధి తెల్వకముందే పోయె. మా అమ్మ మొకం నాకు తెల్వదని ఒక్కటే ఏడుపు” అంది.

నెగెటివ్ వెతుకుతానన్నాను. ఆమె కాసేపు నసిగి, చిన్నగా నవ్వింది.

“నిజం చెప్తె ఏమనుకోవు గద? గోదారమ్మ తీస్కపోయిందే మంచిదైంది. అవి నా బిడ్డ కండ్లు కావు. కూసున్నా లేసినా నువ్వే నన్ను చూస్తున్నట్టుండె.”

సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. “అప్పుడే చెప్పకపోయావా పెద్దమ్మా” అన్నాను.

“ఏం చెప్తనమ్మా! గంత కష్టపడి దిద్దినవు.”

ఆ మధ్యాహ్నమే రేకు పెట్టె కిందికి దించాను. ఆయన ప్రతి నెగెటివ్‌నూ కవరులో పెట్టి, పైన పేరూ ఊరూ రాసి ఉంచాడు. లచ్చమ్మ కవరు మీద ‘ఒక్కటే’ అని కూడా ఉంది. రీలులో ఆ రోజు మిగిలింది ఆ ఒక్క ఫిల్మే. ఈసారి కోటమ్మను అడిగి సరిగ్గా దిద్దుదామనుకుంటూ, నెగెటివ్‌ను కిటికీ వెలుగులో పట్టుకున్నాను.

నెగెటివ్‌లో నలుపు తెల్లగా కనబడుతుంది. మూసిన రెప్పలు ఉండాల్సిన చోట రెండు తెల్లటి చుక్కలున్నాయి. కనుపాపలు.

అప్పట్లో ఆ నెగెటివ్‌తో వేసిన ప్రింటులోనే మూసిన రెప్పలు చూశాను. వాటి మీదే రంగు వేశాను. నెగెటివ్‌కు నా కుంచె ఎన్నడూ తగలలేదు. అయినా నా కళ్ళను నేను నమ్మలేక ఖమ్మంలో ఒక స్టూడియోకు తీసుకెళ్ళాను. ఆ అబ్బాయి భూతద్దం పెట్టి చూసి, “దీని మీద టచింగేం లేదమ్మా, ఎవరూ దిద్దలేదు” అన్నాడు. ఉన్నది ఉన్నట్టు ప్రింటు వేసి ఇచ్చాడు.

కోటమ్మ మనుమరాలిని వెంటబెట్టుకుని వచ్చింది. ఫొటో మీద దుమ్మేమీ లేకపోయినా కొంగుతో తుడిచింది. “ఇగో, ఇది నా బిడ్డ” అని మనుమరాలి చేతికిచ్చింది.

పెళ్ళికూతురు ఫొటోను అటూ ఇటూ తిప్పి చూసింది. “అమ్మమ్మా, మా అమ్మ మన దిక్కు చూస్తలేదేంది? పక్కకు, కిందికి చూస్తున్నది.”

కోటమ్మ మనుమరాలి తల నిమిరింది. “ఆ దినం నిన్ను గాడ్నే పండవెట్టినం బిడ్డా. కెమెరా పక్కకు, చాప మీద.”

ఆ పిల్ల ఫొటోను బల్ల మీద నిలబెట్టి నేల మీద కూర్చుంది. తల్లి చూపు తన మీద పడేదాకా మెల్లగా పక్కకు జరిగింది.

నెగెటివ్ కూడా వాళ్ళకే ఇచ్చేశాను. ఆ పిల్లకు తల్లి ముఖం దొరికినందుకు దేవుడికి దండం పెట్టుకున్నాను. ఫొటో తీసేటప్పుడు ఏం చూశాడో అడుగుదామంటే మా ఆయన లేడు. ఆ తరువాత నేను మళ్ళీ ఎవరి కళ్ళూ దిద్దలేదు.

మూసిన ఆ రెప్పలు ఎప్పుడు తెరుచుకున్నాయో నాకు తెలియదు. కవరు లోపల, ఆ చీకట్లో, ఆ తల్లి ఎన్నేళ్ళుగా పక్కకు చూస్తూ ఉందో అదీ తెలియదు.