పడసాలలో లేత్ మిషన్

మా ఆయన లేత్ మిషన్ తెచ్చేనాటికి నేను హిందూపురంలోని ఆ ఇంటికి కోడలిగా వచ్చి ఏడాది కూడా నిండలేదు. పెళ్లికి ముందు ఆయన బెంగళూరులో ఒక వర్క్‌షాపులో పనిచేసేవాడు. ఇనుమును గిరగిరా తిప్పుతూ కోసి నునుపు చేసే లేతు ఒకటి అక్కడ పాతబడి మూలన ఉంటే, దాన్ని ఎట్లాగో సంపాదించి, రైల్లో వేయించి, స్టేషన్ నుంచి ఎద్దులబండి మీద తోలుకొచ్చాడు. బండి మా సందులోకి తిరగలేదు. కింద దుంగలు వేసి, మనుషులు దాన్ని దొర్లించుకుంటూ ఇంట్లోకి తెచ్చారు. మా అత్త గడపలో హారతి పట్టింది. నేను కాపురానికి వచ్చినప్పుడు ఆమె అంత సేపు నిలబడలేదు.

దాని కోసం ఇంటి ముందరి పడసాలలో బండలు పెకలించారు. గుంత తీసి, కాంక్రీటు పోసి, బోల్టులు నిలబెట్టారు. మిషన్ ఎక్కించాక ఆయన రసమట్టం పెట్టి చూడడం మొదలుపెట్టాడు. బుడగ నడిమధ్యకు రావాలి. రాకపోతే బోల్టు వదులు చేసి, కాలి కింద పలుచని రేకు ముక్క దూర్చి, మళ్లీ బిగించేవాడు. ఈ పక్క సరిపోతే ఆ పక్క లేచేది. చివరికి ఒక ఇనుప కడ్డీని బిగించి, పైపైన కోసి, రెండు కొసలనూ కాలిపర్సుతో కొలిచాడు. ఒక కొస వెంట్రుకంత లావుగా ఉందని మళ్లీ మొదటికి వచ్చాడు. అన్ని రోజులూ ఇంట్లో ఎవరితోనూ మాట్లాడలేదు. ఒక పొద్దున నీళ్ల బిందెతో ఆ పక్కగా పోతుంటే బిందె తొణికి మిషన్ కాలి మీద నీళ్లు పడ్డాయి. ఆయన లేచి నా చెంప మీద కొట్టాడు. ఆ ఇంట్లో నేను తిన్న మొదటి దెబ్బ అది. తర్వాత తన భుజం మీది తుండుతో ఆ ఇనుప కాలిని మెల్లగా తుడిచాడు.

మా వీధికి అప్పటికి కరెంటు రాలేదు. అందుకని ఒక బండి చక్రాన్ని పెద్ద కొయ్య చట్రంలో నిలబెట్టి, దానికి పిడి అమర్చి, తోలు బెల్టుతో మిషన్‌కు కలిపాడు. ఎవరో ఒకరు చక్రం తిప్పుతుంటే లేతు తిరుగుతుంది. మొదట కూలిమనిషిని పెట్టాడు గానీ ఆయన నోటికి తాళలేక ఆ మనిషి చెప్పకుండానే మానుకున్నాడు. మరునాటి నుంచి పిడి నా చేతికి వచ్చింది.

ఒకే వేగంతో తిప్పాలి. తగ్గితే ఇనుము మీద గీత పడుతుంది. గీత పడితే చేతికి ఏది దొరికితే అది విసిరేవాడు. కొన్నాళ్లకు నాకు చూడకుండానే తెలిసేది. ఇనుమును కోసే టూల్ మొద్దుబారితే పిడి గరగరలాడేది. కోత లోతైతే చక్రం బరువెక్కి ఆ బరువు మోచేతుల్లోకి పాకేది. ఇత్తడికి ఒక తీరు, ఇనుముకు ఒక తీరు. నాకు ఎవరూ నేర్పలేదు. చేతులే నేర్చుకున్నాయి.

మా చుట్టుపక్కల చెరకు ఎక్కువ. గానుగల కాలం వస్తే ఇరుసుకు తొడిగే అరిగిపోయిన బుష్షులు, వంగిన షాఫ్టులు పట్టుకుని రైతులు మా పడసాలలో కూర్చునేవాళ్లు. పెనుకొండ తట్టు నుంచి వచ్చిన ఒక పెద్దాయన నన్ను చూసి, ఆడమనిషి చేత ఇంత మోటు పని చేయించొచ్చా అని అడిగాడు.

"ఎద్దు కన్నా నయం కదప్పా. మేత తక్కువ. నోరెత్తదు కాబట్టి మూతికి చిక్కం కట్టే పనీ లే" అన్నాడు మా ఆయన.

కూర్చున్నవాళ్లంతా నవ్వారు. అడిగిన పెద్దాయన కూడా నవ్వాడు. నేను తిప్పుతూనే ఉన్నాను.

మరుసటి ఏడు గానుగల కాలానికి నేను కడుపుతో ఉన్నాను. అయిదో నెల దాటాక, ఇంక తిప్పలేనని అత్తతో చెప్పుకున్నాను. తాను నొప్పులొచ్చే పూట దాకా రాగులు విసిరానని ఆమె అంది. ఆయనకు చెబితే, ఈ గానుగల కాలం గడవనీ అన్నాడు. ఒక మధ్యాహ్నం చక్రం దగ్గర నడుములో నొప్పి మొదలైంది. ఆయన ఒక ఇత్తడి బుష్షుకు చివరి కోత పెట్టి ఉన్నాడు. కోత మధ్యలో చక్రం ఆగితే బుష్షు పాడవుతుంది.

"నొప్పి వస్తాండాది. నిలబడలేకుండా ఉండా" అన్నాను.

ఆయన తల తిప్పలేదు. "ఇంగొక్క కోతే. తిప్పు" అన్నాడు.

తిప్పాను. కోత పూర్తయింది. ఆయన బుష్షు తీసి వెలుతురులో పెట్టి చూసుకుంటుంటే నేను చక్రం పక్కనే కూలబడ్డాను. పొద్దు గూకేలోగా కడుపు పోయింది. మగపిల్లాడని మంత్రసాని చెప్పింది. బత్తలపల్లి దగ్గరి మా ఊరి నుంచి అమ్మ వచ్చి, కొన్నాళ్లు తీసుకుపోతానని ఆయన్ను బతిమాలింది. తీసుకుపోతే మళ్లీ తీసుకురావద్దన్నాడు. అమ్మ నా తల దువ్వి, జడ వేసి, ఒక్కతే వెళ్లిపోయింది. మైల తీరగానే నేను మళ్లీ పిడి పట్టుకున్నాను.

కొన్నేళ్లకు వీధికి కరెంటు వచ్చింది. ఆయన మోటరు తెచ్చి గోడకు స్విచ్చి పెట్టించాడు. మోటరుకు కుంకుమ పెట్టి టెంకాయ కొట్టిన రోజున మా అత్త చక్రాన్ని కొట్టించి పొయ్యిలోకి వాడుకుంది. నన్ను వంటింట్లోకి పొమ్మన్నారు. ప్రాణం తెరిపిన పడింది. అయినా వంట చేస్తూనే చెవి అటు వేసేదాన్ని. టూల్ మొద్దుబారిన మోత నాకు ఆయన కంటే ముందే తెలిసిపోయేది. చెప్పేదాన్ని కాదు.

చలికాలం ఒక ఉదయం ఆయన తుండు మెడకు చుట్టుకుని పనిలో వంగాడు. తుండు కొస జారి తిరుగుతున్న షాఫ్టుకు చుట్టుకుంది. లాగబోతే దానితోబాటే కుడిచెయ్యి కూడా లోపలికి పోయింది. మనిషి తిప్పే చక్రమైతే కేకకు ఆగేది. మోటరు ఆగలేదు. కేక విని నేను వంటింట్లోంచి పరుగెత్తి వచ్చి స్విచ్చి ఆర్పేసరికే మోచేతి కింద ఎముకలు నుగ్గయ్యాయి. పెద్దాసుపత్రిలో చెయ్యి తీసేశారు.

పలకరించడానికి వచ్చిన ప్రతివాళ్లతోనూ మా అత్త ఒకటే మాట చెప్పింది. "మొగుని చెయ్యి నలుగుతాంటే తలుపు కాడ నిలబడి సూసిందమ్మా ఈ మహాతల్లి."

నేను పరుగెత్తుకు రావడం చూసినవాడు ఆయన ఒక్కడే. ఆమె ఆ మాట చెప్పినప్పుడల్లా పక్కనే మంచం మీద ఉండి, పైకప్పు చూస్తూ ఊరుకున్నాడు. వీధిలో ఆడవాళ్లు నాతో మాట్లాడడం మానేశారు.

సగంలో ఆగిన పనులు పడసాలలో పడి ఉన్నాయి. ఇంట్లో రాగులు అడుగంటాయి. నేను కొంగు బిగించి దోపుకుని స్విచ్చి వేశాను. మొదట కొన్ని ముక్కలు పాడయ్యాయి. ఆయన మంచం మీద నుంచి నవ్వాడు. ఆ తర్వాత చేసిన బుష్షులు షాఫ్టుకు సరిగ్గా కూర్చున్నాయి. ఆయన నవ్వడం మానేశాడు. వచ్చినవాళ్లతో అంతా తాను చెబుతుంటేనే జరుగుతోందని చెప్పుకునేవాడు. ఒకరోజు ఒక రైతు ఆయన్ను దాటి వచ్చి, వంగిన షాఫ్టు నా చేతికిచ్చి, ఎప్పుడు రమ్మంటావమ్మా అని నన్నే అడిగాడు. ఆ మనిషి గడప దాటాక ఆయన ఎడమచేత్తో కాలిపర్సు నా మీదికి విసిరాడు. అది గోడకు తగిలి వంగింది. దాన్ని సరిచేసుకుని మళ్లీ పనిలో పడ్డాను.

అట్లా రెండు గానుగల కాలాలు ఇల్లు నడిపాను. అంతలో మా అమ్మకు బాగాలేదని కబురొచ్చి ఊరికి పోయాను. అమ్మ కాస్త తేరుకున్నాక తిరిగి వచ్చేసరికి పడసాల ఖాళీగా ఉంది. కాంక్రీటు దిమ్మెలో బోల్టులు మాత్రం నిలబడి ఉన్నాయి. వాటి చుట్టూ నేను పోసిన నూనె మరకలు ఇంకా తడిగానే ఉన్నాయి.

"మిషన్ యాడ?" అని అడిగాను.

"ధర్మవరమోళ్లు తోలుకపోయిరి" అన్నాడు ఆయన మంచం మీద నుంచి.

"ఎందుకమ్మితివి? ఇంగ మనం ఏం తిని బతకల్ల?"

ఆయన నా వైపు తిరిగాడు. ప్రమాదం జరిగిన తర్వాత ఆ ముఖంలో అంత తృప్తి నేను చూడలేదు. "తినకుంటే సస్తాం. ఆడదాని చేతి కింద బతికేది నాకొద్దు" అన్నాడు.

మా అత్త గుంజకు ఆనుకుని తల ఊపింది.

చెయ్యి పోయినప్పటి నుంచి ఆయనకు పూటపూటా నేనే తినిపించేదాన్ని. ఎడమచేత్తో తినడం ఆయనకు చావుతో సమానం. ఆ రోజు సంగటి చేసి, నంజుకోను ఊరిబిండి నూరి, పళ్లెంలో పెట్టి ఆయన ముందు ఉంచాను. పక్కన కూర్చోలేదు. ఆయన కాసేపు పళ్లెం వైపూ, కాసేపు నా వైపూ చూశాడు. అత్త ఎండలో ఎక్కడికో పోయింది. నేను గోడ దగ్గర కూర్చుని నా సంగటి ముద్ద తిన్నాను. ఆకలి ఆగక చివరికి ఆయన ఎడమచెయ్యి పళ్లెంలో పెట్టాడు. కళ్లలో నీళ్లు కారుతుంటే తిన్నాడు. నేను లేచి చెయ్యి కడుక్కుని, రేపటి నుంచి చింతపండు మండీలో గింజలు తీసే కూలికి రావచ్చా అని అడగడానికి బజారుకు పోయాను.