బాపు చేసిన దిష్టిబొమ్మ

ఆ రోజుల్లో మా కేసముద్రంలో దిష్టిబొమ్మ తగలబడని వారం ఉండేది కాదు. తెలంగాణ ఇస్తామన్నవాళ్లు చూద్దామన్నప్పుడల్లా, చూద్దామన్నవాళ్లు ఇచ్చేది లేదన్నప్పుడల్లా మార్కెట్ యార్డు ముందు ఎవరో ఒక పెద్దమనిషి కాలిపోయేవాడు (గడ్డి రూపంలో లెండి). ఆ పెద్దమనుషులందరినీ తయారు చేసేది మా నాన్నే, మా బాపు. ఆయన అసలు పని దుకాణాలకు బోర్డులు రాయడం. కానీ దుకాణాలే రోజు విడిచి రోజు బందైతే కొత్త బోర్డు ఎవరు రాయించుకుంటారు? అలా ఆయన కుంచెకు ఉద్యమమే దిక్కయింది. నేను మహబూబాబాద్‌లో డిగ్రీ చదువుతూ విద్యార్థి సంఘంలో తిరుగుతున్నాను కనుక బొమ్మ కావాలన్న కబురు ఇంటికి తెచ్చేదాన్ని నేనే. ఆ తర్వాత విమర్శలు మోసుకొచ్చేదాన్నీ నేనే.

వాటికి లోటుండేది కాదు. ఒకసారి ఒక మంత్రి బొమ్మ చేస్తే, మా సంఘం నాయకుడు (మైకు దొరికితే వదలడు కనుక మాకు 'మైకన్న') అటూ ఇటూ చూసి, "గిది మంత్రి లెక్క లేదు చెల్లె, మీ మేనమామ లెక్కున్నది" అన్నాడు. యార్డు ఎదుటి కిరాణా సేటు గల్లా మీద నుంచే, "ఎవల్ని కాలవెడుతున్నరో మెడల అట్ట గట్టి రాయుండ్రి, జనం పరేషానవుతున్నరు" అన్నాడు. ఇవన్నీ ఇంట్లో చెబితే బాపు కంచం ముందు నుంచి లేచాడు. "మంట వెట్టేదానికి ముక్కెట్లుంటే ఏంది బిడ్డా? నిమిషంల బూడిదైతది గద!" అవ్వ (మా అమ్మ) ఊరుకునేదా? "నిమిషంల బూడిదయ్యేదానికి నువ్వు తిండెందుకు ఇడిచిపెట్టినవ్?"

కొద్ది రోజులకే ఆ మంత్రి మళ్లీ ఏదో అన్నాడు. మళ్లీ బొమ్మ కావాలి. ఈసారి బాపు పంతం పట్టాడు. యార్డులో రాలిన పత్తి ఏరుకొచ్చి బుగ్గలకు కూరాడు. ముఖం గీసి, చెరిపి, మళ్లీ గీశాడు. గోనెసంచి ఒంటికి తన పెళ్లినాటి అంగీ తొడిగాడు (అవ్వ ఆ రోజంతా ఆయనతో మాట్లాడలేదు). పూర్తయ్యాక చూస్తే మంత్రి స్వయంగా మా అర్రలోకి వచ్చి కూర్చున్నట్టుంది. అవ్వ తెలియకుండానే కొంగు సర్దుకుంది.

మర్నాడు ఊరేగింపులో మైకన్న మైకు పక్కవాడికిచ్చి బొమ్మను తనే భుజానికెత్తుకున్నాడు. ఆడవాళ్లు మాత్రం, "అయ్యో, ఎంత చక్కగున్నడే! గీయన్ని ఎట్ల కాలవెడ్తరు?" అని నొచ్చుకున్నారు. సేటు గల్లా దిగి వచ్చి బొమ్మ చుట్టూ తిరిగి, "గిప్పుడు మరీ మంచోని లెక్కున్నడు. కోపమొస్తలేదు" అని తేల్చాడు. బాపు ముఖం మాడిపోయింది. "పోలిక లేదంటిరి. పోలిక తెస్తే కోపమొస్తలేదంటిరి. మీకేం గావాల్నయ్యా?"

ఈ చర్చలో అగ్గిపుల్ల గీయడం ఆలస్యమై పోలీసు జీపు రానే వచ్చింది. ఎస్సై దిగి, బొమ్మను చూసి ఠక్కున ఆగాడు. ఆయన చెయ్యి సగం పైకి లేచి దిగింది (సెల్యూట్ కోసమేనని ఇప్పటికీ నా అనుమానం). "ఎవరు చేసిండ్రు దీన్ని?" అని గర్జించాడు. ప్రాణం పోయినా చెప్పేది లేదన్నట్టు అందరం బిగుసుకుని నిలబడ్డాం. ఎస్సై బొమ్మ బుగ్గ తట్టి, "ఎవడో గాని పనిమంతుడు. పాణమున్నట్టే ఉన్నది" అని గొణుక్కున్నాడు.

గుంపు వెనక నుంచి బాపు చేతులు కట్టుకుని, సిగ్గుపడుతూ ముందుకొచ్చాడు. "నేనే సార్. బుగ్గలల్ల పత్తి వెట్టిన."

జీపు వెనక సీట్లో బాపు, ఆయన పక్కనే మంత్రి. సాయంత్రం మేమంతా స్టేషన్ ముందు బైఠాయించాం. "కళాకారుణ్ణి విడుదల చేయాలె!" అని అందరికన్నా గట్టిగా అరిచింది మైకన్నే. చీకటి పడకముందే బాపును వదిలేశారు, బొమ్మను ఉంచుకున్నారు. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది. "బాపూ, గంత మంది నోరు మూసుకుంటే నువ్వు ఒక్క మెచ్చుకోలుకే దొరికిపోతవా?"

"ఎన్ని బొమ్మలు చేసిన బిడ్డా! మంచిగున్నదని ఒక్కలన్న అన్నరా?"

నేను వినలేదు. ఉద్యమం, క్రమశిక్షణ, త్యాగం అంటూ ఇంటిదాకా ఉపన్యాసం ఇచ్చాను. బాపు నాకు ఊ కొడుతూనే, దారిలో ఎదురైన ప్రతివాళ్లనూ ఆపి ఎస్సై అన్న మాట చెప్పుకున్నాడు. ఇప్పుడు రాష్ట్రమూ వచ్చింది, నాకు బాపు అప్పటి వయసూ దగ్గరపడింది. అప్పుడప్పుడు ఇలాంటివి రాసి పంపి, బాగుందని ఎవరైనా ఒక మాట అంటారేమోనని ఫోను చూసుకుంటూ కూర్చుంటాను. అలాంటప్పుడు ఆ దారంతా ఉపన్యాసమిచ్చిన పిల్ల గుర్తొచ్చి నవ్వొస్తుంది. నవ్వుకుంటూనే మళ్లీ ఒకసారి ఫోను చూస్తాను.