జీపు కింది నుంచి వినపడిన మాట

జాకీ స్క్రూ తిప్పింది నేనే. ఒక్క చుట్టు, ఎడమకు. జీపు వెనుక భాగం జానెడు కిందికి దిగి, అడ్డంగా పడుకోబెట్టిన రెండు టైర్ల మీద కూర్చుంది. కింద మనిషి ఉన్నాడు.

చప్పుడు పెద్దగా రాలేదు. వడ్ల బస్తా దించినట్టు మెత్తగా వచ్చింది. ఆ తర్వాత కింది నుంచి ఏ అలికిడీ లేదు. మోకాళ్ల దాకా కాళ్లు కనిపిస్తున్నాయి. ఎడమ కాలి చెప్పు ఊడిపోయి ఉంది. ఆ కాళ్లు కదులుతాయేమోనని చూస్తూ నిలబడ్డాను. 

అప్పుడు కేక వినపడింది. "యా అల్లా! చెయ్యి! అన్నా, చెయ్యి!"

బతికే ఉన్నాడు. జాకీ రాడ్డు అందుకుని పంపు కొట్టినట్టు కొట్టడం మొదలుపెట్టాను. పది సార్లు కొట్టాను, పదిహేను సార్లు కొట్టాను. రాడ్డు గాలిలో ఊపినట్టు పోయి వస్తోంది తప్ప జీపు వెంట్రుకవాసి కూడా లేవడం లేదు. చివరికి అతనే పళ్లు బిగపట్టి కింది నుంచి చెప్పాడు.

"స్క్రూ బిగియ్యి అన్నా. ముందుగాల స్క్రూ బిగియ్యి."

తెరిచిన స్క్రూను మూయకుండానే కొడుతున్నాను. చెమటకు వేళ్లు జారిపోతుంటే లుంగీ అంచుతో పట్టుకుని బిగించాను. ఈసారి రాడ్డుకు బరువు తగిలింది. జీపు లేచింది. అతను ఎడమ మోచేతి మీద పాక్కుంటూ బయటికి వచ్చాడు. కుడి చెయ్యిని పొట్టకు అదుముకుని ఉన్నాడు. ఆ చేతి వైపు నేను వెంటనే చూడలేకపోయాను.

అతను మా పక్కింటాయన. కరీంనగర్‌లో మా రెండు ఇళ్లకూ మధ్య ఉన్నది ఒక్కటే గోడ. ఇరవై ఏళ్లుగా ఆ గోడ మీదుగానే మాట్లాడుకుంటున్నాం. బజారులో అతనికి టార్పాలిన్ల దుకాణం ఉంది. లారీలకు, వడ్ల కుప్పలకు కప్పే పట్టాలను కొలిచి, కోసి, అంచులు కుట్టి ఇస్తాడు. పెద్ద కత్తెర పట్టేదీ, మందపు గుడ్డను మిషను సూది కిందికి తోసేదీ ఆ కుడి చెయ్యే. దుకాణంలో పనివాళ్లెవరూ లేరు.

ఖానాపూర్ అవతల అతనికి తల్లి వైపు నుంచి వచ్చిన చేను ఉంది. చేనుకు పోవాలంటే వాగు దాటాలి. వాగులో నీళ్ల కంటే రాళ్లు ఎక్కువ. పాత డీజిల్ జీపు వెనుక ఇరుసు మధ్యలో ఉండే ఇనుప గుండు ఆ రాళ్లకు తగిలేది. ఒక ఆదివారం రాయి మీద ఎక్కి అట్లాగే ఆగిపోయింది. ట్రాక్టర్ వచ్చి లాగేదాకా ఇద్దరం వాగులోనే కూర్చున్నాం. నేను పత్రికలో డెస్కు మీద పనిచేసి రిటైరైనవాణ్ణి. పదేళ్లు ఆదిలాబాద్‌లో ఉండి వచ్చినవాణ్ణి కనుక ఆ దారంటే ఇష్టం, ఆదివారాలు అతనితో పోతుంటాను.

ఆ తర్వాత అతను లిఫ్ట్ కిట్టు తెప్పించాడు. ట్రాన్స్‌పోర్టులో గోనె పట్టాలు చుట్టి వచ్చింది. వంపు ఎక్కువగా ఉన్న కమాను పట్టీలు, పొడుగు షాకబ్జర్లు, బోల్టులు. పాతవి విప్పి ఇవి బిగిస్తే బండి నేల నుంచి మూడంగుళాలు లేస్తుంది. మెకానిక్కు వారం పాటు బండి షెడ్డులోనే ఉండాలన్నాడు. పత్తి విత్తనాలు పెట్టే రోజులు. చిన్నతనంలో రెండేళ్లు లారీ షెడ్డులో పనిచేసిన ధైర్యంతో, వాకిట్లోనే బిగిస్తానన్నాడు అతను.

"నాకు పానా పట్టుడు రాదు భాయ్" అన్నాను.

"నువ్వు పానా పట్టకు. జాకీ కాడ కూసో. లేపుమంటే లేపు, దించుమంటే దించు. పేపర్ల గింతకంటె అల్కటి పని ఎన్నడన్న చేసినవా?"

"పేపర్ల తప్పు పోతే తెల్లారి సవరణ ఏస్తుంటిమి."

"గీడ సవరణ ఉండదన్నా. జర చెవులు పెట్టుకొని కూసో."

గడపలో నిలబడి అతని భార్య నవ్వింది. "భాయ్‌సాబ్, గాయన మాట నమ్మకుండ్రి. గోడకు మేకు కొట్టుమంటె ఏలు మీద కొట్టుకుంటడు."

శనివారం ముందు భాగం రెండు వైపులా అయిపోయింది. అయినా భయం తగ్గలేదు. అతను వెల్లకిలా పడుకుని లోపలికి జరిగిన ప్రతిసారీ జాకీ స్క్రూ బిగిసే ఉందో లేదో తడిమి చూసుకునేవాణ్ణి. వార్తల్లో ఇట్లాంటివి ఎన్నో దిద్దాను. జాకీ జారి ఒకరు మృతి అని రెండు వాక్యాల్లో ముగించి, పేజీ అడుగున ఖాళీ ఉన్నచోట పెట్టించేవాణ్ణి. అతనికి మాత్రం ఒక పద్ధతి ఉంది. విప్పిన చక్రాన్నీ స్టెప్నీనీ ఒకదాని మీద ఒకటి వేసి చాసీ కిందికి తోసేవాడు. షెడ్డులో ఉస్తాద్ దెబ్బలు కొట్టి మరీ నేర్పాడట. మర్నాడు అతని ఛాతీ నలగకుండా ఆపింది ఆ టైర్లే.

ఆదివారం పొద్దున ఎడమ వెనుక వైపు మొదలుపెట్టాం. కొత్త కమాను ముందు కొస బోల్టు ఎక్కింది. వెనుక కొస రంధ్రం మాత్రం పైనున్న కొక్కేనికి కలవలేదు. ఓసారి వేలెడు పైకి, ఓసారి వేలెడు పక్కకు పోయేది. కొసకూ కొక్కేనికీ మధ్య చెయ్యి పెట్టి అరగంట అదే పని. బరువు ఆపడానికి చాసీ కింద పెట్టిన ఇనుప స్టాండు అతని చేతికి అడ్డం వస్తోంది. దాన్ని పక్కకు లాగాడు.

"వద్దు భాయ్" అన్నాను.

"ఒక్క నిమిషమే. టైర్లు ఉన్నయ్ గదా?"

ఇప్పుడు జీపు వెనుక బరువంతా నా ముందున్న జాకీ మీదే ఉంది. అదే సమయంలో పక్క ప్లాటులో కడుతున్న ఇంటికి మెట్ల బండలు కోయడం మొదలుపెట్టారు. గ్రానైటు కోసే మిషను గీ పెడుతోంది. ఇద్దరం అరుచుకుంటున్నాం.

"జర లేపు!" లేపాను.

"ఇంకింత!" మళ్లీ లేపాను.

"ఆఁ, ఆగు!" ఆగాను.

అప్పుడు అన్నాడు. "ఇడిసిపెట్టు!"

మా వైపు ఆ మాటకు రెండు అర్థాలు. కుక్కను ఇడిసిపెట్టు అంటే గొలుసు విప్పమనీ కావచ్చు, దాని జోలికి పోవద్దనీ కావచ్చు. ఏది ఎప్పుడో వినేవాడికి తెలిసిపోతుంది, మనిషి ముఖం కనిపిస్తుంది కనుక. నాకు కనిపిస్తున్నవి కాళ్లు. నా భుజం అప్పటికే లాగేస్తోంది. పని అయిపోతే బాగుండునని ఉంది. బోల్టు ఎక్కింది కాబోలు, దించమంటున్నాడు అనుకున్నాను. తిప్పాను.

ఆటోలో మొదట మేమిద్దరమే ఎక్కాం. అతని భార్య ఇంటికి తాళం వేస్తోంది. చేతికి చుట్టిన తువ్వాలు తడుస్తోంది. అతను నా వైపు వంగి మెల్లగా అన్నాడు.

"అన్నా, జాకీ జారింది. గంతే. ఇంకేం చెప్పకు."

ఆమె వచ్చి కూర్చుంది. "ఎట్లైంది?" అంది.

"జాకీ జారింది" అన్నాడు అతను. నేను రోడ్డు వైపు చూశాను. ఆసుపత్రిలో డాక్టరు అడిగినప్పుడూ అదే చెప్పాడు. నేను అవునని తలూపాను.

ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ బయట బెంచీ మీద ఇంకో భయం పట్టుకుంది. అతను అన్నది "ఇడిసిపెట్టు" అనేనా? లేక "ఇడిసిపెట్టకు" అని అరిచాడా? మిషను చప్పుడులో ఒక్క అక్షరం నాకు చేరలేదేమో. ఆదిలాబాద్‌లో ఉండగా ఒక వానరాత్రి విలేకరి ఫోన్ చేసి, బస్సు వాగుల కొట్టుకపోలే అన్నాడు. గరగరలో నాకు కొట్టుకపోయె అని వినపడింది. అట్లాగే రాశాను. పొద్దున పేపరు చూసి ఆ బస్సు పోయే ఊరి జనం ఆఫీసు గేటు దగ్గర ఉన్నారు. బస్సు క్షేమంగా ఉందని తెలిసేదాకా వాళ్ల ముఖాలు ఎట్లా ఉన్నాయో నాకు ఇప్పటికీ తెలుసు. బెంచీ మీద కూర్చుని ఆ రెండు మాటలనూ పెదవులతో పలికి చూసుకున్నాను. ఎన్నిసార్లు పలికినా ఏది విన్నానో తేలలేదు. చివరికి రెండూ విన్నట్టే అనిపించింది.

అరచేతి ఎముకలను తీగలతో కలిపి కట్టారు. తీగలు తీసేశాక బొటనవేలు, చూపుడువేలు వంగాయి. చివరి రెండు వేళ్లు వంగలేదు. సూదితో గుచ్చినా వాటికి తెలియదు. నరాలు తేరుకుంటాయో లేదో ఏడాది గడిస్తే గానీ చెప్పలేమన్నారు.

ఇప్పుడు దుకాణంలో కత్తెర అతని భార్య పడుతోంది. అతను ఎడమ చేత్తో టేపు పట్టుకుని కొలతలు చెబుతాడు. "జర సీదా కొయ్యి, బీబీ. లారీకి కప్పేది, లెహంగా కాదు" అంటాడు. "సీదా కావాల్నంటె నువ్వే కొయ్యి" అని ఆమె అన్నది ఒకసారి, నేనున్నప్పుడే. అని, వెంటనే నాలుక కరుచుకుంది. అతను మాత్రం నవ్వాడు.

ఆమె ఆ జాకీని వాకిట్లో ఉండనివ్వలేదు. గోనె సంచిలో వేసి గోడ దగ్గరికి తెచ్చింది. "గీ దొంగ జాకీ మా బతుకు ఆగం జేసింది భాయ్‌సాబ్. జర మీరే పాత ఇనుపోనికి ఏసి రాండ్రి" అంది. తీసుకున్నాను. పాత ఇనుము కొట్టువాడు రెండుసార్లు కొట్టి చూసి, "మంచిగనే ఉన్నది గద సార్, ఎందుకు పారేస్తున్నరు?" అన్నాడు. సంచిని అక్కడే వదిలి వచ్చేశాను.

ఒక సాయంత్రం దుకాణంలో మేమిద్దరమే ఉన్నప్పుడు అడిగాను.

"భాయ్, ఆనాడు నువ్వన్నది దించుమనా, ఉండనియ్యుమనా?"

"నువ్వేమిన్నవు?"

"ఇడిసిపెట్టు అన్నట్టు."

"అయితె గదే అని ఉంట."

"ఆఖరుకు 'కు' అన్నవా?"

"గా మిషన్ సప్పుడుల నా మాట నాకే ఇనవడలే. ఫికర్ చెయ్యకన్నా, ఇగ ఇడిసిపెట్టు" అని టేపు చుట్టసాగాడు. చుట్టిన టేపు ఎడమ చేతిలోంచి జారింది. నేను తీసి ఇచ్చాను. అతను నా ముఖంలోకి చూడలేదు. నిజంగా గుర్తులేదో, నా కోసమే గుర్తులేదంటున్నాడో ఆ ముఖాన్ని బట్టి నాకు తెలియలేదు.

జీపు వెనుక ఎడమ కమాను ఒక్క కొసనే ఎక్కి ఉంది, కుడివైపు పాత కమాన్లే ఉన్నాయి. మిగిలిన కిట్టు గోనెలోనే ఉంది. డాక్టరు చెప్పిన ఏడాదిలో ఇంకా ఐదు నెలలున్నాయి. జాకీలో ఏ లోపమూ లేదన్న సంగతి అతని భార్యకు ఇంతవరకు నేను చెప్పలేదు, అతనూ చెప్పలేదు.