ఊటీ పుల్లల పులుసు

మైలాపూరులో నేను కాపురానికి వెళ్ళిన ఇంట్లో వంటగది ఉండేది, వంట ఉండేది, కోడలిగా నేనూ ఉండేదాన్ని. ఈ మూడింటికీ ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా మా అత్త చూసుకునేది. కూరలు తరగడం నా పని. కొబ్బరి కోరడం, పిండి రుబ్బడం, చింతపండు నానబెట్టి పిప్పి తీయడం నా పని. పొయ్యి దగ్గరికి మాత్రం మడి కట్టుకుని ఆవిడే వెళ్ళేది. గడప ఇవతల నేను గిన్నె కింద పెట్టి పక్కకు తప్పుకుంటే, నీళ్ళు చిలకరించి లోపలికి తీసుకునేది. నేనూ స్నానం చేసి మడి కట్టుకుంటానత్తా అంటే ఒప్పుకునేది కాదు.

"నీది నెల్లూరు చెయ్యమ్మే. ఈడ మిరపకాయకు అంత పని లేదు" అనేది.

నిజమే, మాది నెల్లూరు. వాళ్ళది ఎన్నో తరాలుగా మద్రాసులో పాతుకుపోయిన కుటుంబం. ఇంట్లో మాట్లాడేది తెలుగేనని వాళ్ళ గట్టి నమ్మకం. కొత్తలో నాకు సగం మాటలు అర్థమయ్యేవి కావు. మా ఆయన్ని అడిగితే ఆయన విడమరచి చెప్పేవాడు, అదీ అరవంలోనే. మామగారు నేను రాకముందే పోయారు. ఇంట్లో మేం ముగ్గురమే, అత్త, మా ఆయన, నేను.

పుట్టింటికి వెళ్తే అందరూ నన్ను అదృష్టవంతురాలివి అనేవాళ్ళు. కాలు మీద కాలేసుకుని తింటున్నావు, ఇంకేం కావాలి అనేవాళ్ళు. నాకు మాత్రం ఏడుపొచ్చేది. పక్కింటావిడ గోడ మీదుగా "ఈరోజు ఏం చేశావు?" అని అడిగితే, అత్త చేసినదాని పేరు చెప్పి లోపలికి వచ్చేసేదాన్ని. పీట వేసి వడ్డించే చుట్టంలాగా ఒక ఇంట్లో ఎన్నాళ్ళుంటాం? నాకు నగలు అక్కర్లేదు, చీరలు అక్కర్లేదు. వంటింటి మూల ఉన్న ఆ మట్టి పొయ్యి కావాలి. అంతకు మించి ఆ రోజుల్లో నేను దేవుణ్ణి ఏమీ అడగలేదు.

దేవుడు వినలేదు గానీ, ఊటీలో ఉన్న ఒక దొరసాని విన్నట్టుంది.

మా ఆయన హార్బరు దగ్గర ఒక దొరల కంపెనీలో గుమాస్తా. దేశానికి స్వాతంత్ర్యం వచ్చి కొన్నేళ్ళయినా, ఆ కబురు ఆ కంపెనీకి ఇంకా ఎవరూ చేరవేసినట్టు లేదు. దొర దొరలాగే ఉండేవాడు. ఎండలు మొదలవగానే దొరసాని ఊటీ చేరేది, దొర మధ్యమధ్యలో వెళ్ళి వస్తుండేవాడు. ఒక శనివారం అలా వచ్చినవాడు, తోట నుంచి దొరసాని కోసి పంపిన బుట్టలోంచి ఒక కట్ట తీసి మా ఆయనకు ఇచ్చాడు. ఇంట్లో వండించుకుని ఎలా ఉందో సోమవారం చెప్పమన్నాడు.

శనివారం ఒంటిపూట ఆఫీసు. మధ్యాహ్నం రెండింటికల్లా మా ఆయన తడి గోనెగుడ్డలో చుట్టిన ఆ కట్టను పసిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకుని ఇంటికొచ్చాడు. విప్పితే లోపల చిటికెనవేలు లావున పచ్చటి పుల్లలు. జానెడుకు పైన పొడుగు, కొసన మొగ్గలాగా ముడుచుకున్న చిన్న చిన్న పొలుసులు. ఆకు లేదు, కాయ లేదు.

"ఆస్పరాగస్" అన్నాడు మా ఆయన. ఆ పూట ఆ మాట అవసరం ఉన్నప్పుడూ అన్నాడు, లేనప్పుడూ అన్నాడు.

మా అత్త దూరంగా నిలబడి చూసింది. "ఇది కాయా, కాడా, దుంపా?"

"తెలీదమ్మా. దొరలు తింటారు."

"దొరలు తినేదంతా మనం తినగలమా? దీని గోత్రమేందో ఎవురికి తెలుసు?"

ఇంగ్లీషు కూరల విషయంలో మా అత్తకు ఒక లెక్క ఉండేది. క్యాబేజీ, క్యారెట్టు, బీట్‌రూటు ఏ రోజైనా సరే మడి పొయ్యి ఎక్కకూడదు. బంగాళాదుంప మాత్రం ఎప్పుడో లోపల రాజీ కుదుర్చుకుంది. ఇక కాఫీ ఏ దేశం నుంచి వచ్చిందో ఆవిడ ఎన్నడూ విచారించలేదు. తెల్లారి మొహం కడుక్కోగానే, స్నానం సంగతి తర్వాత చూసుకుందామని, ఇత్తడి గ్లాసు నిండా పుచ్చుకునేది. కాఫీకి మడేందమ్మే అనేది. ఈ పుల్లలకు ఇంకా అంతటి హోదా రాలేదు.

"బర్రెకు ఏసేద్దామా?" అంది. మా వీధిలో పాలవాడు పొద్దునా సాయంత్రమూ బర్రెను గుమ్మం ముందుకే తోలుకొచ్చి పాలు పితికి ఇచ్చేవాడు. ఇంట్లో మిగిలిందంతా దానికే.

"సోమవారం దొర అడుగుతాడమ్మా" అన్నాడు మా ఆయన దిగులుగా. ఆయనకు అబద్ధాలు చెప్పడం రాదని కాదు. తినని వస్తువు రుచి గురించి ఇంగ్లీషులో అబద్ధం చెప్పాలంటే ఎవరికైనా కష్టమే.

అత్త కాస్త దిగొచ్చింది. "సెరి. లోపల మాత్రం కుదరదు. పెరటి వసారాలో కుంపటి ఉండాది గదా, ఆడ పెట్టుకోండి. నేను మాత్రం తాకేదిలే. నీ పెళ్ళాం ఉండాది గదా, చేస్తాది."

మడికి పనికిరాని కూరకు మడికి పనికిరాని కోడలు. జోడీ కుదిరింది. నాకైతే ఒళ్ళు పులకరించింది. వసారాలో బొగ్గులు రాజేసి విసనకర్ర అందుకున్నాను. కుంపటి అయితేనేం, పొయ్యి పొయ్యే కదా అనుకున్నాను.

వండేది నేనే అయినా ఎలా తరగాలో చెప్పే అధికారం ఆవిడ వదులుకోలేదు. గడప మీద కూర్చుని, "ముందు లేతవో ముదురువో చూడమ్మే. కొస విరువు" అంది.

బెండకాయకు మేమంతా చేసే పరీక్ష అది. బజారులో అంగడివాడు ఎంత గింజుకున్నా సరే, ప్రతి కాయ కొసా విరిచి చూసి, టక్కుమని విరిగితే బుట్టలో వేసుకుంటాం. విరిగిన కొసలు అక్కడే పారేస్తాం. నేను ఒక పుల్ల కొస విరిచాను. టక్కుమంది.

"లేతదే" అంది అత్త తృప్తిగా. "ఇంకోటి చూడు."

అలా కట్టలో ఉన్న ప్రతి పుల్లా పరీక్షకు నిలబడింది, ప్రతి పుల్లా నెగ్గింది. నెగ్గినదాని తల నెగ్గినట్టే బర్రె కోసం చేటలో పడింది.

"మొదలు గట్టిగా ఉండాది చూడు, మునక్కాయ మాదిరి. రుచంతా ఆడనే ఉంటాది" అని ఆవిడ తీర్పు. సరేనని మునక్కాయకు తీసినట్టే పైన ఈనెలు లాగి, వేలెడేసి ముక్కలు కోసి, చింతపండు పులుసులో వేశాను. సాంబారు పొడి వేశాను, బెల్లం వేశాను. ఉడికింది. ఇంకా ఉడికింది. మళ్ళీ బొగ్గులు వేశాను. పులుసు చిక్కబడి పాకంలా అయింది గానీ మొదళ్ళు మాత్రం పట్టు వదల్లేదు.

మా ఆయన ఆకు ముందు కూర్చున్నాడు. ఒక ముక్క నోట్లో పెట్టుకుని కొరికాడు, లాగాడు, నమిలాడు, పీచు ఉమ్మేశాడు. ఇంకొకటి. మునక్కాయలో చివరికి గుజ్జయినా దక్కుతుంది. రెండేళ్ళ కాపురంలో మొదటిసారి నా చేతి వంట ఆయన నోట్లో పడింది, అక్కణ్ణుంచి ఆకు పక్కన పడింది. అక్కడ చిన్న కుప్ప తయారైంది.

"ఎలా ఉంది?" అన్నాను.

"దొరలు తినేది బాగుండకుండా ఎందుకుంటుంది?" అన్నాడు. పాపం, సోమవారానికి అప్పుడే సాధన మొదలుపెట్టాడు.

మా అత్త ఆ కుప్పను చూసింది. "పొయ్యంటే అందరికీ వచ్చే విద్య కాదమ్మే" అని లోపలికి వెళ్ళిపోయింది. నాకు చచ్చేంత సిగ్గేసింది.

గిన్నెలు తీద్దామని వసారాలోకి వెళ్ళాను. కుంపట్లో నిప్పు ఇంకా ఉంది. చేటలో కొసలు నవనవలాడుతున్నాయి. పాలవాడు రావడానికి ఇంకా వేళ ఉంది. మా ఊళ్ళో గుమ్మడి తీగ అయినా, బచ్చలి అయినా కొసలే గిల్లి కూర చేస్తాం, ముదురు కాడ ఎవరూ ముట్టరు. మరి ఇవెందుకు పారేస్తున్నాం? మూకుట్లో కాస్త నెయ్యి వేసి, కొసలు గుమ్మరించి, అటూ ఇటూ తిప్పి, ఉప్పు, మిరియాల పొడి చల్లి దించాను. నిలబడే తిన్నాను. లేత బఠాణీల తీపి, దాని వెనక ఏదో పచ్చివాసన, పైన నెయ్యి. ఆ ఇంట్లో నా చేతి వంట నాకు రుచిగా అనిపించడం అదే మొదలు. మూకుడు ఖాళీ అయ్యేదాకా కదల్లేదు.

సోమవారం సాయంత్రం మా ఆయన మొహం వేలాడేసుకుని వచ్చాడు. బాగుందని చెబితే దొర సంతోషించాడట. అక్కడితో ఆగితే బాగుండేది. ఎలా వండారని అడిగాడట. చింతపండుతో అనగానే కుర్చీలో వెనక్కి వాలి నవ్వాడట. పుల్లను అడుగున వంచితే ముదురు ఎక్కడుందో అక్కడ అదే విరుగుతుందనీ, ఆ మొదలు పారేసి కొస ఉంచుకోవాలనీ, మరిగే నీళ్ళలో కాసేపు ఉంచి వెన్న వేసుకుంటే చాలనీ చెప్పాడట.

"కొస తినేదా?" అంది అత్త. "బెండకాయ కొస ఎవురన్నా తింటారా? మొదలు పారేసి కొస కొరికేదానికి మనమేమన్నా మేకలమా? వాళ్ళకు తినేది తెలీదు, అంతే."

దొరకు మాత్రం మా ఇంటి మీద ఆశ చావలేదు. ఊటీ నుంచి వచ్చినప్పుడల్లా ఒక కట్ట ఇచ్చి పంపేవాడు. మా అత్త చెప్పినట్టే కొసలు విరిచి పరీక్ష చేసేదాన్ని, మొదళ్ళతో పులుసు పెట్టేదాన్ని, మా ఆయన ఉద్యోగధర్మంగా నమిలేవాడు. అత్త మాట జవదాటని కోడలని నాకు పేరు వచ్చింది ఆ వేసవిలోనే.

చాలా ఏళ్ళకు తెలిసింది, మన తోటల్లో ముళ్ళతో పాకే పిల్లితేగలు, అదే వైద్యులు శతావరి అంటారే, అది దీనికి దగ్గరి చుట్టమట. మనవాళ్ళు దుంప తవ్వి బాలింతకు లేహ్యం పెట్టి, పైదంతా పారేస్తారు. దొరలు పైది తిని దుంప సంగతి తలపెట్టరు. ఎవరికీ అక్కర్లేని మధ్యభాగాన్ని పులుసు పెట్టుకున్నది బహుశా మా ఇల్లొక్కటే.

ఎండలు ముదిరిన ఒక మధ్యాహ్నం, అత్త కునుకు తీస్తోందనుకుని వసారాలో నా మూకుడు నేను పెట్టుకున్నాను. వెనక నుంచి వినిపించింది.

"ఏమ్మే, బర్రెకు పెట్టేదాన్ని నువ్వు తింటా ఉండావా?"

"బర్రె తినలేదత్తా" అన్నాను, నోట్లో ముక్కతోనే.

ఆవిడ కదల్లేదు. నేతి వాసన గుప్పున లేచింది. "నెయ్యి మనింటిదేనా?"

"మనదే."

"మిరియాలు?"

"మనవే అత్తా. కుంపటీ మనదే."

ఇంకేం విచారించాలో ఆవిడకు తోచినట్టు లేదు. దోసిలి చాపింది. పైనుంచి, తగలకుండా, రెండు కొసలు వేశాను. పెరట్లోని బొప్పాయి చెట్టు వైపు చూస్తూ తింది.

"మిరియం ఎక్కువైంది" అంది. చెయ్యి మళ్ళీ చాపింది.

మర్నాడు పొద్దున కాఫీ తాగుతూ, "నాకీ పొగ పడేదిలే అమ్మే. కండ్లు మంట. రేపట్నుంచి లోపల పొయ్యి నువ్వు చూసుకో. నేనీ వసారాలో గాలికి కూర్చోని చెప్తా ఉంటాను" అంది.

నేను గంతులేయలేదంతే. గోడ దగ్గరికి పరిగెత్తి, పక్కింటావిడ ఏమీ అడగకముందే, రేపు మా ఇంట్లో ఏం వండబోతున్నానో చెప్పాను. మర్నాడు తలారా స్నానం చేసి, మడి కట్టుకుని, ఏలికలాగా లోపలికి అడుగు పెట్టాను. కట్టెలు పచ్చివి. పొగ పోయే దారి ఉందని పేరేగానీ పొగకు ఆ సంగతి తెలీదు. అన్నం, పప్పు, చారు, అత్తకు రాత్రి ఫలహారం, వచ్చేవాళ్ళకూ పోయేవాళ్ళకూ టిఫిను. మరుసటి వేసవికి దొర సామాను సర్దుకుని ఓడెక్కాడు, పుల్లలు ఆగిపోయాయి. పొయ్యి మాత్రం మా అత్త కన్ను మూసేదాకానూ, ఆ తర్వాతానూ నాదిగానే ఉండిపోయింది.

ఆ వేసవి చివరి కట్ట వచ్చిన రోజు చెప్పి ముగిస్తాను. ఆ కట్ట నేరుగా వసారాలోకి వెళ్ళింది. కాసేపటికి గడప అవతల మొదళ్ళు ఉన్న పళ్ళెం పెట్టి, "పులుసు పెట్టమ్మే, వాడికి ఇష్టం" అంది అత్త.

"మడి పొయ్యి మీదా?"

"ఇన్ని దినాలుగా వస్తా ఉండాది, ఇంకా ఏం పరాయిది?"

లోపల నేను పొగలో మొదళ్ళు ఉడికిస్తున్నాను. బయట కుంపటి మీద నెయ్యి చిటపటమంది, ఆ వాసన కిటికీలోంచి నా మీదికే వచ్చింది. నాకు ఒళ్ళు మండింది. పొయ్యి కావాలని ఏడ్చిన నన్ను నేనే నాలుగు తిట్టుకున్నాను. ఆ కుంపటి, ఆ గాలి, ఆ ఖాళీ మూకుడు నావి, అత్త లాక్కుంది అనుకున్నాను.

అప్పుడు కిటికీ చువ్వల మధ్య నుంచి మా అత్త చెయ్యి లోపలికి వచ్చింది. వేళ్ళ మధ్య రెండు కొసలు. మడి కట్టుకుని వండుతూ ఏదీ నోట వేసుకోకూడదన్నది ఆవిడ నాకు నేర్పిన మొదటి నియమం.

"సరిపోయిందా చూడమ్మే" అంది.

ఆ ఇంట్లో అంతవరకూ నన్ను ఎవరూ ఆ మాట అడగలేదు. దోసిలి పట్టాను. తగలకుండా పైనుంచి వేసింది. నమిలాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అంతా పొగ వల్లనే అని చెప్పను.

"మిరియం తక్కువైందత్తా" అన్నాను. చెయ్యి మళ్ళీ చాపాను.