పట్టుపురుగుల పావని, పేరులేని పట్టా

1996 వానాకాలంలో పుంగనూరు దగ్గరి పల్లెలో బాలప్ప పెంచిన పట్టుపురుగులన్నీ మూడు రోజుల్లో చచ్చిపోయాయి. గూళ్లు కట్టాల్సిన వేళకు ఒళ్లు ఉబ్బి, ముట్టుకుంటే పాలలాంటి రసం కారింది. వాటిని గంపలకెత్తి గుంతలో పోస్తూ కూతురు పావని అడిగింది, "ఏం రోగం నాయనా ఇది?"

"తెలిసుంటే ఇట్ల పూడుస్తానామ్మా?" అన్నాడు బాలప్ప.

ఆ మాట పావని మనసులో ముల్లులా దిగబడింది. ఇంటర్ తర్వాత పట్టుపురుగుల చదువే పట్టుకుంది. ఎమ్మెస్సీ సీటు ఎవరూ పేరు వినని చిన్న యూనివర్సిటీలో దొరికింది. అక్కడి మాస్టారు మాత్రం పురుగు రోగం కంటికి ఆనేదాకా మైక్రోస్కోపు ముందునుంచి లేవనిచ్చేవాడు కాదు.

2003లో ఉగాండాలో పట్టు పరిశ్రమ పెడుతున్న కంపెనీ మదనపల్లెలో ఇంటర్వ్యూలు జరిపింది. బెంగళూరులో పేరుమోసిన యూనివర్సిటీలో చదివిన కుప్పం గిరీష్ కూడా వచ్చాడు. కంపెనీ నిపుణుడు ఒక్కొక్కరి ముందూ పురుగుల తట్ట పెట్టాడు. గిరీష్ రోగాల పేర్లన్నీ గడగడా అప్పజెప్పాడు. పావని మాత్రం నిగనిగలాడుతున్న ఒక పురుగును ఏరి, "దీనికి పాలరోగం తగిలింది, ఈ నిగనిగే దాని తొలి గుర్తు. ఈ పూటే వేరు చేయాలి" అంది.

నెల తర్వాత ఉత్తరాలొచ్చాయి. గిరీష్‌కు అధికారి ఉద్యోగం, పావనికి అతని కింద సహాయకురాలి పని. ఆమె ఫోన్ చేస్తే నిపుణుడు దాచలేదు.

"అధికారిగా నీ పేరే రాశాను. హెడ్డాఫీసు వాళ్లు యూనివర్సిటీ పేరు చూశారు."

తల్లి సిద్దమ్మ ముఖం మాడ్చుకుంది. "అంత చిన్నచూపు సూసేటోళ్ల కాడికి యాల పోవల్లమ్మా?"

"పురుక్కి నా కాలేజీ పేరుతో పనిల్యామ్మా. పోతాండాను."

ఉగాండాలో రెండో వానాకాలానికి ఒక షెడ్డులో పురుగులు మేత మానేశాయి. గిరీష్ రెండు రోజులు పుస్తకాలు తిరగేసి, చివరికి ఆమె దగ్గరికొచ్చాడు. "నాకు అంతు సిక్కడంల్యా పావనీ. నువ్వు సూడు."

చూసింది. రోగం అప్పటికే పక్క షెడ్డుకూ పాకింది. రెండు షెడ్ల పురుగుల్నీ పూడ్పించింది. వాటిని సాకిన ఆడవాళ్లు గుంత గట్టున కూలబడి ఏడుస్తుంటే, ఆ పూట ఆమెకు ముద్ద దిగలేదు. మిగతా నాలుగు షెడ్లు నిలిచాయి.

హెడ్డాఫీసుకు పంపిన రిపోర్టులో గిరీష్ నిజమే రాశాడు: "ఈ నిర్ణయం పావనిది, నాది కాదు."

మూడు నెలలకు పావనినీ అధికారిని చేస్తూ ఉత్తరం వచ్చింది. అందులో ఆమె యూనివర్సిటీ పేరు తప్పుగా అచ్చయింది. పెన్నుతో దిద్ది, కింద సంతకం పెట్టింది.