సర్టెన్ అంటే

మట్టెవాడలో ఓ బట్టల దుకాణం పైగదిలో వాసంతి టీచర్ ఇంగ్లీషు ట్యూషన్ చెబుతుంది. కొత్త మాట రాయగానే సుద్ద అంటిన వేళ్లను కొంగుకు తుడుచుకుంటుంది. దాని అర్థం ఖాయంగా తేల్చేదాకా ఊరుకోదు. నిరుడు ములుగు దారిలో జీపు వాగులో పడ్డప్పుడు, ముఖం ఆనవాలు పట్టరాని శవాన్ని దవాఖానలో చూపిస్తే, చొక్కా చూసి, "మా ఆయనే, పక్కా" అన్నది.

ఆ సాయంత్రం బోర్డు మీద ‘సర్టెన్’ అని రాసింది. "ఇట్ ఈజ్ సర్టెన్ అంటే డౌటే లేదని. అదే, ఎ సర్టెన్ మ్యాన్ అంటే ఎవరో ఒకాయన, పేరు చెప్తలేమని. ఏదీ, ఒక వాక్యం చెప్పుండ్రి."

అప్పుడే వచ్చిన సౌమ్య గుమ్మంలోనే నిలబడి, "ఎ సర్టెన్ మ్యాన్ ఈజ్ సిట్టింగ్ ఆన్ ద స్టెప్స్" అన్నది.

"శభాష్!"

"నిజంగనే టీచర్. మెట్ల మీద కూసున్నడు. పేరడిగితే, మీ టీచర్‌కు ఎరుకే అన్నడు."

మెట్ల మీంచి దగ్గు వినిపించింది. కాపురమంతా రోజూ పొద్దున్నే విన్న దగ్గు. వాసంతి సౌమ్యను లోపలికి లాగి, గడియపెట్టి, తలుపుకు వీపు ఆనించింది.

"అందరు గట్టిగ చదువుండ్రి," అన్నది.

పిల్లలు గొంతెత్తి చదువుతున్నారు. అవతల ఎవరో తలుపుకు ఒరిగిన బరువు ఆమె వీపుకు తెలుస్తూనే ఉంది.